బైపాస్ అయిన నాయనకు వీఆర్ పెడదామా?

(కర్నూలులో ఒక ఇంటి వరండా. నాయనకు బైపాస్ అయి రెండు రోజులైంది, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఆపరేషన్ తర్వాత లోపల చేరే రక్తం, నీరు బయటికి పోవడానికి ఛాతీలో పెట్టిన డ్రెయిన్ పైపును రేపు తీస్తారు. అక్క గుండె ఆపరేషన్ల వార్డులో నర్సు. తమ్ముడు బెంగళూరు నుంచి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ వెంట తెచ్చాడు. కళ్లకు కట్టుకుంటే వేరే చోట ఉన్నట్టు చుట్టూ దృశ్యాలు చూపించే పెట్టె అది.)

తమ్ముడు: రేపు పైపు తీసేటప్పుడు నాయన కళ్లకు ఇది పెడదాం అక్కా. పొద్దున్నుంచీ ఆ పైపు గురించే టెన్షన్. నా చెయ్యి వదిలితే ఒట్టు.

అక్క: టెన్షన్ ఉంటే పక్కన కూర్చొని ధైర్యం చెప్పాలి. నొప్పి మందు టైముకు పడాలి. కళ్లకు పెట్టె కడితే నొప్పి పోతుందా?

తమ్ముడు: పోతుందనలేదు, తగ్గుతుందంటున్నా. గాయం దగ్గర పుట్టిన నొప్పి అంతా మెదడుకు చేరదు, దారిలో వెన్నుపాము దగ్గరే కొంత ఆగుతుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే చెప్పారు. భయపడితే ఎక్కువవుతుంది, ధ్యాస మళ్లితే తగ్గుతుంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన బృందం ఒళ్లు కాలినవాళ్లకు డ్రెస్సింగ్ చేసేటప్పుడు 'స్నోవరల్డ్' అని మంచులో ఆట పెట్టారు. మందులు ఆపలేదు, వాటితోపాటే. నొప్పి తక్కువగా తెలిసిందని పేషెంట్లే చెప్పారు.

అక్క: అందులో మంచు ఉండలు విసురుతారు కదా? నాయనకు రొమ్ము ఎముక నిలువునా కోసి స్టీలు తీగలతో కట్టినారు. అతకడానికి 6 నుంచి 8 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే. చెయ్యి ఎత్తి విసిరితే ఎవరిది పూచీ? తల తిరిగి వాంతి వస్తే ఆ కుట్లతో ఎట్లా తట్టుకుంటాడు? పెద్ద వయసువాళ్లు ఈ ఆపరేషన్ తర్వాత పగలో రాత్రో తెలియక గందరగోళపడటం నేను రోజూ చూస్తున్నా. వాళ్లకు ఇంకో లోకం చూపిస్తావా?

తమ్ముడు: అట్లాంటివాళ్లకు వద్దు. నాయనకు తెలివి బాగుంది. ఆట కూడా వద్దు, ఊరికే చూడటమే. తుంగభద్ర ఒడ్డు, నాయన వాకింగ్‌కు పోయే చోటే. తల తిరగకూడదని కెమెరా కదలకుండా స్టాండు మీద పెట్టి తీసినా.

అక్క: 2021లో అమెరికాలో ఇట్లాంటిదానికి అనుమతి ఇచ్చింది దీర్ఘకాలపు నడుము నొప్పికి. గుండె కోతకు కాదు. ఊరికే ధ్యాస మళ్లించి తగ్గించిన నొప్పి, పెట్టె తీసేస్తే చాలావరకు మళ్లీ వస్తుంది. నాకు కావలసింది నాయన దగ్గడం. దిండు ఛాతీకి హత్తుకొని దగ్గమంటే దగ్గడు. ఊపిరి లోతుగా పీలిస్తే బంతులు పైకి లేచే మూడు బంతుల స్పైరోమీటరు ఇస్తే ఒక్క బంతి లేచేసరికి ఆపేస్తాడు. కఫం నిలిస్తే న్యుమోనియా.

తమ్ముడు: ఎందుకు ఆపేస్తున్నాడు? భయం! నేను మొదటి నుంచీ చెప్పేది అదే కదా అక్కా.

(ఇక్కడ ఇది రాస్తున్న నేను తమ్ముడి పక్షం. నొప్పి వస్తుందేమోననే భయంతో లోతుగా ఊపిరి తీయని పేషెంటుకు, ఆ భయం కాసేపు తగ్గినా మేలే.)

అక్క: ...సరే. పొద్దున రౌండ్స్‌లో సర్జన్ గారిని అడుగుతా. ఆయన వద్దంటే మళ్లీ మాట్లాడొద్దు. సరేనంటే ముందు నొప్పి మందు, తర్వాతే నీ పెట్టె. ముఖానికి తగిలే స్పాంజి నేనే తుడుస్తా. పది నిమిషాలు, వెనక్కి ఆనుకొని, చేతులు ఒళ్లో. ఇంకోటి, చెవులకు ఏమీ పెట్టకు. పైపు లాగేటప్పుడు ఊపిరి బిగబట్టమంటాం, ఆ మాట నాయనకు వినబడాలి.