దమ్ము మాట మనది కాదంటారా?

మొన్న మా కడప స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన, "చుట్ట అనే మాట ఇంగ్లీషు చెరూట్ నుంచి వచ్చింది" అని పెట్టినాడు. కింద అందరూ చేతులు జోడించినారు. నాకు ఒళ్లు మండింది. జరిగింది దానికి తిరుగు. తమిళంలో సురుట్టు అంటారు, చుట్టినది అని. దాన్నే ఇంగ్లీషువాళ్లు చెరూట్ చేసుకున్నారు. మన చుట్ట కూడా చుట్టడంలో నుంచే పుట్టింది. నెత్తిన బిందె కింద పెట్టుకునే చుట్టకుదురులో ఉండేదీ అదే మాట.

ఇంకొకాయన, దమ్ము కొట్టడం ఉర్దూ మాట, వాడొద్దు అన్నాడు. ఫార్సీలో దమ్ అంటే ఊపిరి, ఉర్దూ మీదుగా మనకొచ్చింది, నిజమే. కడప, కర్నూలు నవాబులు ఏలిన ఊళ్లు. పక్కింటి మాట మన నోట్లోకి రాకుండా ఎట్లుంటుంది? వచ్చినాక అది ఎంత పెరిగిందో చూడండి. "దమ్ముంటే రా" అంటే ధైర్యం. బిర్యానీకి దమ్ము పెడితే లోపలి ఆవిరి బయటికి పోదు. టీ కొట్టు కాడ "ఒక్క దమ్ము ఇయ్యబ్బా" అంటే ఒక్కసారి పీల్చి ఇచ్చేస్తానని. ఇన్ని రకాలుగా వాడుకున్న మాటను పరాయిదని ఎట్లా తోసేస్తాం?

అనంతపురం దాటి బళ్లారి పక్క పోతే కన్నడంలో బీడీ తాగడాన్ని "సేదు" అంటారు. మనం బావిలో నీళ్లు చేదుతామే, అదే. ఈ పోలిక తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సిగరెట్‌కు మూలమైన స్పానిష్ సిగారో సంగతి నిఘంటువులే ఇంకా తేల్చలేదు. మాయా భాషలో పొగ తాగడమని కొందరు, కీచురాయి పేరని కొందరు. అంత చదివినోళ్లే "బహుశా" అంటుంటే, మనం ఫార్వర్డ్ చూసి ఖాయం చేసేయడం తప్పు.

1820లో మా కడపకు వచ్చిన బ్రౌన్ దొర, తెలుగులో కలిసిన పరాయి మాటలకే వేరుగా ఒక నిఘంటువు 1854లో అచ్చు వేయించినాడు. ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం ఉన్న ఊళ్లో కూర్చుని, ఇది మన మాట కాదు, రాయొద్దు అంటే నేను ఒప్పుకోను.

పొగ మీద నాకు ప్రేమేం లేదు. మా జేజినాయన దగ్గి దగ్గి పోయినాడు. కానీ "అంగడికి పోయి రెండు కత్తెరలు తేపో" అనే ఆయన మాట నాకు కావాలి. సిజర్స్ సిగరెట్‌కు ఆయన పెట్టుకున్న పేరు కత్తెర. మా పిల్లోళ్లకు చెప్తే అర్థం కాలేదు.

మీ ఇండ్లలో పెద్దోళ్లు బీడీని, సిగరెట్‌ను ఏమనేవాళ్లో అడిగి రాసి పెట్టండి. ఏ ఊరో, ఎవరి నోట విన్నారో రాయండి. ఎట్లా పుట్టిందో తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి.