గడపమ్మా, నీకో నోటీసు

పర్లాకిమిడి,
శనివారం రాత్రి.

మహాలక్ష్మితో సమానమైన మా ఇంటి గడపమ్మకు,

ఉభయకుశలోపరి. నువ్వు క్షేమంగానే ఉన్నావని పొద్దున్నే నా కుడికాలి బొటనవేలు చెప్పింది. వంటింట్లోంచి నీ దాకా పది అడుగులు లేవు, ఆ మాత్రానికి ఉత్తరమెందుకు అంటావేమో. నోటిమాట చెల్లదని, ఏదైనా రాసి ఇస్తేనే చెల్లుతుందని పదిహేడేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నాను. దీని జిరాక్సు కూడా ఒకటి దాచుకుంటున్నాను.

ముందుగా నీకు అభినందనలు. తనంతట తాను లేవలేని మా చిన్నాడి లాంటి పిల్లల కోసం పెట్టిన సేవలన్నీ నీ పేరు మీదే నడుస్తున్నాయి. గడప దగ్గరికే వైద్యం, గడప దగ్గరికే చదువు, గడప దగ్గరికే సాయం. బ్యానరు మీద ఇక్కడ ఒడియాలో ఉంటుంది, నది అవతల ఆంధ్రలో తెలుగులో ఉంటుంది, మాట మాత్రం ఒకటే. అందులో అబద్ధమేమీ లేదు. గడప దాకా వస్తామన్నారు, వచ్చారు. లోపలికి వస్తామని ఎవరన్నారు? మంచం అనే మాట గానీ, బాత్రూం అనే మాట గానీ ఏ బ్యానరు మీదా లేదు. అర్థం చేసుకోవడంలో పొరపాటు నాదే.

కిందటిసారి ముగ్గురొచ్చారు. చెప్పులు విప్పాల్సి వస్తుందని కాబోలు, నీకు అవతలే నిలబడిపోయారు. "బాబుని ఒకసారి బయటికి తెండమ్మా" అన్నారు. బాబు 34 కిలోలు. రేషన్ బియ్యం బస్తాకైనా నాలుగు మూలలుంటాయి పట్టుకోవడానికి, వీడికి కాళ్లు కత్తెరలా బిగుసుకుపోతాయి, చెయ్యి ఒకటి నా మెడ మీద, ఒకటి గాల్లో. ఇంట్లోకి వచ్చి చూడాల్సిన పిల్లాణ్ని ఎత్తుకుని నీ దాకా తెచ్చి చూపించాను. "కొంచెం ఎండ వైపు తిప్పండి, ఫోటోలో మొహం రావట్లేదు." తిప్పాను. ఆ ఫోటోలో ఎక్కడ తీశారో అంకెలతో సహా పడుతుందట. నిజం చెప్పాలంటే అందులో అందరికన్నా నువ్వే బాగా పడ్డావు, ముందురోజే పసుపు పడింది కదా. రిజిస్టరును ద్వారబంధానికి ఆనించి నా చేత సంతకం పెట్టించుకున్నారు. గృహ సందర్శన పూర్తయింది. గృహం మాత్రం ఎలా ఉంటుందో వాళ్లకింకా తెలీదు.

పోతూ పోతూ ఓ కాగితం ఇచ్చారు, ఇంట్లో చేయించాల్సిన వ్యాయామాలని. ఒడియా నేను గడగడా మాట్లాడతాను గానీ చదవడమంటే కూడబలుక్కోవాలి, మా అమ్మాయి చదివి పెట్టింది. పాదాన్ని పైకి వంచి ముప్ఫై లెక్కపెట్టాలట. ఈ పని నేను వాడికి రెండో ఏడు నుంచీ చేస్తున్నాను. కాగితంలో రాయనిదొకటి ఉంది. ముప్ఫై అవగానే నేను వాడి చెవిలో ఊదుతాను. ఆ సంగతి వాడికి తెలుసు కాబట్టి ఇరవై అయిదు దగ్గర్నుంచే నవ్వు మొదలెడతాడు. నవ్వితే కాలు కొయ్యలా బిగుస్తుంది. మళ్లీ ఒకటి నుంచి. అలా ఓ పాదానికి ముప్ఫై లెక్కపెట్టడానికి ఒక్కోరోజు పావుగంట పడుతుంది. రాత్రిళ్లు వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం వేరే లెక్క. వీడి లాంటివాళ్లకు నిరామయ అని లక్ష రూపాయల దాకా బీమా ఉంది, బిల్లు పెడితే ఇస్తారు. నా చేతులకి రసీదు బుక్కు లేదు గడపమ్మా, ఏం పెట్టను?

2016లో వచ్చిన చట్టంలో, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం అని స్పష్టంగా రాసుంది. ఆ భత్యం మా ఇంటి దాకా ఇంకా రాలేదు. దారిలో నీలాంటిది ఏదో కాలికి తగిలి పడిపోయి ఉంటుంది.

ఇక నీ సంగతికొస్తాను. నీ ఎత్తు నాలుగు అంగుళాలు, టేపు పెట్టి కొలిచాను. వీడికి తొమ్మిదో ఏట క్యాంపులో చక్రాల కుర్చీ ఇచ్చారు, పెద్దవాళ్ల సైజుది. పిల్లాడు అందులో జారిపోతుంటే నా పాత చీరతో ఛాతీ దగ్గర కట్టి కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు కుర్చీ సరిగ్గా సరిపోయింది, వాళ్ల ముందుచూపును మెచ్చుకోవాల్సిందే. కాకపోతే నీ మీంచి ఎక్కించీ దించీ ముందు చక్రం వంకరపోయింది. ర్యాంపు కట్టుకోమని సలహా ఇచ్చారు. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలట, అంటే నాలుగు అడుగులు. నువ్వు మధ్యలో గట్టులా ఉంటావు కాబట్టి అటు నాలుగు, ఇటు నాలుగు. మా సందు మూడడుగులు, ఆపైన మురిక్కాలవ. లోపలి ర్యాంపు సరాసరి మా అత్తగారి మంచం కిందికి వెళ్తుంది.

అత్తగారి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఈ ఇంట్లో నీ లాయరు ఆవిడే. గడప మీద కూర్చోకూడదు, నిలబడకూడదు, తుమ్మకూడదు. గడపకు అవతల నిలబడి ఇచ్చేది ఇవతల నిలబడి పుచ్చుకోకూడదు. ఆ లెక్కన పదిహేడేళ్లలో మాకొచ్చినవేవీ మేం పుచ్చుకోకూడదు, అన్నీ అలా ఇచ్చినవే.

ఒక్కావిడ మాత్రం నిన్ను దాటింది. ఆ మాట దాచడం న్యాయం కాదు. బడికి వెళ్లలేనంత వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు విద్యాహక్కు చట్టంలో 2012 సవరణతో వచ్చింది, ఆ పేరు మీద వచ్చిన టీచరమ్మ. చెప్పులు బయట విప్పి, వచ్చి చాప మీద కూర్చుంది. నేను వాణ్ని పడుకోబెట్టి అన్నం పెడుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది, ఊపిరితిత్తుల్లోకి పోతుందని. గోడ మూలకి ఆనించి రెండు పక్కలా పాత చీరల చుట్టలు పెట్టి కూర్చోబెట్టడం చూపించింది. ఆ పూట నుంచి వాడికి పొలమారడం తగ్గింది. 'ఔను' అనాలంటే కళ్లు పైకెత్తాలని నేర్పింది. మూడు వారాలు పట్టింది. మొదటిసారి వాడు అలా చెప్పింది చారు కావాలా అన్నదానికి. ఆ తర్వాత ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది. వేరే ఆవిడ వచ్చింది, గడప దగ్గరికే.

నీ పెద్దక్క ఒకటుంది కదా, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మహేంద్రతనయ నది పక్కన గీసిన గీత. అటు పాతపట్నం ఆంధ్ర, ఇటు మేం ఒడిశా. ఆటోలో పది నిమిషాలు. మాకు 80 శాతం, ఆపైన వైకల్యానికి 2025 జనవరి నుంచి నెలకు 3,500 పింఛను. అంతకుముందుతో పోలిస్తే బాగా పెంచినట్టే, కాదనను. అక్కడ 2024 జూలై నుంచి 6,000, మంచం పట్టినవాళ్లలో కొందరికి 15,000, అదీ ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తారు. పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా పాతపట్నం చుట్టాలు జాలిపడి, "ఇటొచ్చీండమ్మా" అంటారు. పింఛను పెద్దదే గానీ రాత్రి రెండింటికి పక్కకు తిప్పడానికి అక్కడ మాత్రం ఎవరొస్తారని అడిగితే, పప్పు వడ్డిస్తారు.

వచ్చే కార్తీకానికి మా చిన్నాడికి 18 నిండుతాయి. వైకల్యం కార్డు మీద నంబరు కూడా 18 అక్షరాలే, ఒక్కో ఏడాదికి ఒక్కో అక్షరం చొప్పున సరిగ్గా సరిపోయింది. పిల్లలకు చేసే ఆరోగ్య పరీక్షలు పద్దెనిమిదితో సరి. చదువు హక్కూ అంతే. గడప దాకా వచ్చేవాళ్లు కూడా ఇక రారు. ఎందుకంటే వాడు పెద్దవాడయ్యాడు. ఓటేయొచ్చు. మంచినీళ్ల గ్లాసు తనంతట తాను పట్టుకోలేడు గానీ, చట్టం దృష్టిలో స్వతంత్రుడు. ఆ రోజు నుంచి నేను వాడి తరఫున సంతకం పెట్టాలంటే, వాడి లాంటివాళ్ల కోసం ఉన్న నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు పెద్దగా ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకుని, వాడి సంరక్షకురాలిగా నన్ను నియమించమని అడగాలి. అర్హతలు ఏం రాయాలో ఆలోచిస్తున్నాను. చెవిలో ఊదడం వచ్చు అని రాయొచ్చంటావా?

దాంతో పనిలో పనిగా నీ విషయం కూడా తేల్చేద్దామనుకున్నాను. వడ్రంగిని పిలిచి చూపించాను. చుట్టూ తిరిగి, గోటితో నొక్కి, "మద్ది చెక్కమ్మా, రాయిలాగుంది. ఏటి, కోసీమంటారా?" అన్నాడు, నన్నో హంతకురాలిని చూసినట్టు చూస్తూ. ద్వారబంధం కింద ఇనప పట్టీ వేస్తే వదులవదట. చెక్క పోగా కూలీ పన్నెండు వందలు అడిగి, పసుపు చూసి భయమేసి తొమ్మిది వందలకి దిగాడు. గడప కోస్తే ఇంట్లో లక్ష్మి నిలవదని అత్తగారి మాట. నిలిచి ఉన్న లక్ష్మి ఎంతో పాసుబుక్కులో చూశాను, కోత కూలీ పోగా నూట నలభై నిలుస్తుంది.

కాబట్టి దీన్ని నోటీసుగా భావించగలవు. రేపు ఆదివారం తొమ్మిదింటికి వడ్రంగి రంపం తెచ్చుకుంటాడు. ఎనిమిదింటి ఆటోకి అత్తగారు పాతపట్నం చెల్లెలి ఇంటికి వెళ్తున్నారు, సాయంత్రానికి గానీ రారు. నువ్వు ఏదైనా మనవి చేసుకోదలిస్తే ఈ రాత్రి వరకే గడువు, రాతపూర్వకంగా, రెండు కాపీలు.

నీ మీద వాడికి కోపమేమీ లేదని కూడా నీకు తెలియాలి. శుక్రవారం శుక్రవారం నేను నిన్ను కడిగాక, నీ పక్కన బోర్లా పడుకోబెడితే, ఎడమచేతి నాలుగు వేళ్లతో నీకు పసుపు రాసేది వాడే. చివర్న ఆ మరకలు వంకరగా ఉంటాయి కదా, అవి. అందుకని ఇందాక అన్నం పెట్టాక వాణ్నే అడిగాను, గడప కోయించేద్దామా అని. కళ్లు పైకెత్తాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. వాసాల మీద బల్లి ఏదైనా ఉందేమోనని నేను కూడా చూశాను. లేదు.

ఇట్లు,
నిన్ను రోజుకు నలభైసార్లు దాటే,
ఈ ఇంటి కోడలు