దుకాణం దారి తెలుసు, ఆ గది దారి తెలియదా?

2,620 మద్యం దుకాణాలు. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు, షాపు దక్కినా దక్కకున్నా వెనక్కి రావు. అలా 2025 అక్టోబరులో లాటరీ తీయకముందే తెలంగాణ ఖజానాలో 2,800 కోట్లకు పైగా పడ్డాయి. సరిగ్గా ఏడాది ముందు ఆంధ్రప్రదేశ్ 3,396 దుకాణాలకు లాటరీ తీసి, 99 రూపాయల క్వార్టరును ఘనకార్యంలా చాటుకుంది. ఏ దుకాణం ఏ మండలంలో, ఏ వార్డులో అన్నది ప్రభుత్వాలకు కంఠతా వచ్చు. మందు మానాలనుకున్న మనిషి సాయంత్రం ఏడింటికి ఏ గదికి వెళ్లాలో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

ఆదాయం లేకపోతే పథకాలెలా నడుస్తాయని అడుగుతారు. 1995 నాటి సంపూర్ణ నిషేధం రెండేళ్లకే ఎందుకు సడలిందో గుర్తుచేస్తారు. సరే, ఒప్పుకుందాం. నిషేధం అడగడం లేదు. అడుగుతున్నది చిరునామా.

తాగుడు మానాలనుకునేవారు ఒక గదిలో కూడి, తమ అనుభవాలు చెప్పుకుని ఒకరికొకరు అండగా నిలిచే సమూహం ఆల్కహాలిక్స్ ఎనానిమస్. అందరూ పిలిచే పేరు ఏఏ. అది 1935లో అమెరికాలో పుట్టి 1957లో మన దేశానికి వచ్చింది. రుసుము లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. సర్కారు గ్రాంటు ఇస్తానన్నా తీసుకోదు. బయటి విరాళాలు ముట్టకూడదన్నది దాని కట్టుబాటు. సభ్యులు వేసుకునే చిల్లరతోనే గది అద్దె, టీ. సొంత డప్పు కొట్టుకోదు కాబట్టి, ఎవరో ఒకరు చెబితే తప్ప ఆ గది ఉన్నట్టే తెలియదు. పైసా అడగని వారి చిరునామా పలకడానికి కూడా ప్రభుత్వానికి నోరు రాలేదు.

అందుకే ఈ పత్రికే చెబుతోంది. ఏఏ ఇండియా వెబ్‌సైటులో మీ ఊరి నంబరు చూసి, ముందు ఫోన్ చేసి, రోజు, వేళ, భాష కనుక్కోండి. గదులు మారుతుంటాయి. తాళం వేసిన తలుపు చూసి తిరిగొచ్చిన మనిషి రెండోసారి వెళ్లడు, నేరుగా వైన్స్‌కే వెళ్తాడు. చాలా గ్రూపులు చర్చి గదుల్లో, బడుల్లో కూర్చుంటాయి. శిలువ చూసి మతం మారుస్తారేమోనని గేటు దగ్గరే వెనుదిరగొద్దు; ఏఏకి ఏ మతంతోనూ ముడి లేదు. ఓపెన్ మీటింగుకు భార్యనో తమ్ముణ్నో వెంట తీసుకెళ్లవచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవారికే. గంట, మహా అయితే గంటన్నర. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. మాట్లాడాలని లేకపోతే వింటూ కూర్చోవచ్చు. చందా డబ్బా దగ్గరకొస్తే కొత్తవారు పక్కకు జరిపినా ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చేటప్పుడు మాత్రం ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు రాసుకోండి, అసలు మందు అదే. ఆ ఫోన్ మొదటి గ్లాసుకు ముందు చేయాలి, తర్వాత కాదు. ఒక్క మీటింగుతో తేల్చేయొద్దు, ఐదారు చూడండి. 90 రోజుల్లో 90 మీటింగులన్నది పాత సభ్యులు కొత్తవారికి చెప్పే మాట. చిన్న ఊళ్లలో అన్ని దొరకవు, మిగతావి ఆన్‌లైన్‌లో పూరించుకోవాలి.

పొద్దున్నే చేతులు వణుకుతుంటే తాగి ఆపుకునే దశకు వచ్చినవారు ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. చివరి గుక్క తర్వాత 6 గంటల నుంచే వణుకు, చెమటలు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఆసుపత్రి, విటమిన్ బి1, డాక్టరు చూసి ఇచ్చే మాత్రలు. ఆ తర్వాతే గది. ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారికి ఇది మరీ ముఖ్యం. భర్తకు తెలియకుండా సాంబారులో తాగుడు మాన్పించే డైసల్ఫిరమ్ మాత్ర కలిపే ఇల్లాళ్లూ ఆగాలి. ఆ సంగతి తెలియక అతను తాగితే రక్తపోటు పడిపోయి మనిషే పోవచ్చు. ఇంటివాళ్ల కోసం అల్-ఆనన్ పేరుతో వేరే సమూహాలున్నాయి.

మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టని వాళ్లు మన వీధివీధినా ఉన్నారు. మాల తీసిన సాయంత్రం ఏమవుతుందో కూడా వీధికి తెలుసు. అన్నాళ్లు నిలబెట్టింది తోటి స్వాములు, వేళకు పూజ, రోజూ ఒకచోట కూడిక. 42వ రోజున అవేవీ ఉండవు, వైన్స్ మాత్రం ఉంటుంది. ఏఏ చేసేది ఆ 42వ రోజు పనే.

తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో నూటికి 43 మంది తాగుతారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖే చెప్పింది. సీసా మీద ‘ఆరోగ్యానికి హానికరం’ అని ఉంటుంది, ఆ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రెండూ సర్కారువే, రెండూ ఉచితమే. దుకాణం ముందు ఈ రెండు నంబర్లూ, దగ్గర్లోని మీటింగు చిరునామా రాయించడానికి ఎక్సైజ్ శాఖకు ఒక్క సర్క్యులర్ చాలు. డ్రంకెన్ డ్రైవ్‌లో పట్టుబడినవారికి కౌన్సెలింగ్ ఇచ్చి పంపేటప్పుడు అదే చిరునామా చీటీ చేతిలో పెట్టడానికి పోలీసులకు అదీ అక్కర్లేదు. రాబడి తగ్గుతుందని భయమా? అయితే ఆ మాటే పైకి చెప్పండి.

ఏటా జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం పేరుతో ర్యాలీ తీసి, పిల్లలతో ప్రతిజ్ఞ చేయించి, ఫొటో దిగి వెళ్లే మంత్రులు ఈసారి ప్లకార్డు మీద నినాదానికి బదులు ఒక గది చిరునామా రాసుకుని రావాలి. అది తెలియకపోతే ఆ ఫొటోలకు రావడం మానుకోవాలి.