మా హాలు గోడగారికి నా గోడు

మహారాజశ్రీ హాలు గోడగారి సముఖానికి,

ఇంకా పద్నాలుగేళ్ల ఈఎంఐ బాకీ ఉన్న మీ యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కుడివైపు క్షేమం. ఎడమవైపు సంగతి మాట్లాడుకోవడానికే ఈ ఉత్తరం.

మీకు రెండు స్పీకర్లు తగిలించడానికి మొన్న ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలైన 'పది నిమిషాల పని సార్' సాయంత్రం ఆరున్నరకి ముగిసింది. ముగిసింది అంటే పూర్తయిందని కాదు. డ్రిల్లు అబ్బాయి వెళ్లిపోయాడు, అంతే.

స్పీకర్లు గోడకెందుకు, అరలో పెట్టుకోవచ్చుగా అని మీరు అడగరు. మీరు గోడ, మా ఆవిడ కాదు. అయినా చెబుతాను. పేరుకి అవి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. మా షోకేసులో బుక్కులకే దిక్కు లేదు. కొండపల్లి అంబారీ ఏనుగు, మా అమ్మాయి డ్రాయింగు షీల్డు, పెళ్లిలో ఎవరో చదివించిన, ఇంతవరకూ టైము చూపించని గడియారం కలిసి అక్కడ కాపురం పెట్టాయి. పైగా స్పీకర్లతో వచ్చిన పుస్తకంలో, వెనక గాలి పోయే గొట్టం ఉంది, అరలో ఇరికించకండి, చుట్టూ ఖాళీ వదలండి అని రాసి ఉంది. షెల్ఫులో ఇరికించకూడని వస్తువుకి షెల్ఫు పేరు పెట్టినవాళ్లకి ఇంకో ఉత్తరం రాస్తాను. ఈవేళ మీ వంతు.

నేనేమీ తొందరపడలేదండీ. ముహూర్తం పెట్టే పంతులుగారికి మించి లెక్కలు వేశాను. రెండు స్పీకర్ల మధ్య ఎంత ఎడమో, ఒక్కోదాని నుంచి నేను కూర్చునే చోటికీ అంతే ఉండాలి. సమబాహు త్రిభుజం. పదో తరగతి పరీక్ష తర్వాత ఆ మాటతో మళ్లీ పని పడడం అదే. ట్వీటరు, అంటే స్పీకరులో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం, కూర్చున్నవాడి చెవి ఎత్తులో ఉండాలి, కాబట్టి నేల నుంచి మూడున్నర అడుగులు. టేపు పట్టి, రసమట్టం పెట్టి, మీ మీద పెన్సిలుతో ఏడడుగుల ఎడంలో రెండు ఇంటూ గుర్తులు పెట్టాను. సోఫాలో కూర్చుని వాటిని చూసి అరగంట మురిసిపోయాను. గోడలకు చెవులుంటాయంటారు. ఆ అరగంటలో మీకు నోరు కూడా ఉండుంటే ఎంత మేలు జరిగేదో!

కుడి గుర్తుతో మొదలుపెట్టాం. డ్రిల్లు గీమని అరిచింది, అర అంగుళం ప్లాస్టరింగు దాటింది, ఆగింది. అబ్బాయి ఒళ్లంతా బరువు వేసి నొక్కాడు. కాలిన వాసన వచ్చింది, బిట్టు కొస నల్లబడింది. బిట్టు మార్చాడు. అదీ నల్లబడింది. డ్రిల్లు పక్కన పెట్టి, డాక్టరు రిపోర్టు చూసి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు: "పిల్లర్ సార్."

అక్కడ పిల్లరుందని నాకేం తెలుసు? ఈ మూల నుంచి ఆ మూల దాకా మీరంతా ఒకటే లప్పం, ఒకటే ఐవరీ రంగు. రావణుడి కొలువులో అంగదుడు పాదం మోపినట్టు మీరక్కడ నిలబడ్డారు, మా ఇంటి రాక్షసులందరం ఒక్కొక్కరుగా వచ్చి ఓడిపోయాం. చివరికి ఆ అబ్బాయి ఇంకో సైటు నుంచి పెద్ద హ్యామర్ మిషను తెస్తానని బండేసుకుని వెళ్లాడు. గంటంబావు పట్టింది. ఈలోగా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో '2 నుంచి 4 వరకు డ్రిల్లింగ్ నిషేధం' అని మూడు మెసేజీలు, దండం పెడుతున్న చేతులు పదకొండు.

తెనాలి నుంచి వచ్చిన మా మామగారు సోఫాలోంచే కామెంటరీ మొదలుపెట్టారు. "అల్లుడుగారూ, మా నాన్నగారు కట్టించిన ఇంట్లో అసలు మేకు కొట్టే పనే లేదండీ. రేడియోకి గూడు, చొక్కాకి చిలకకొయ్య, గోడ కట్టేటప్పుడే పెట్టేసేవాళ్లు." ఆ మాటలో ఉన్న ముల్లు నాకు గుచ్చుకుంది గానీ, మీకే గుచ్చుకోవాల్సింది. ఆ పాతకాలపు గోడకి కూడా తన ఒంటి మీద ఎక్కడ ఏం తగులుతుందో ముందే తెలుసన్నమాట.

మిషను వచ్చింది. అరుస్తూ, అదురుతూ పిల్లర్లో నాలుగు బొక్కలు పడ్డాయి. నాలుగూ రత్నాల్లాంటివి. స్క్రూని పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్గు పెడితే బిగుసుకుంది, స్క్రూ తిప్పితే చివర్లో కిర్రుమంది. ఆ కిర్రు వినడానికి నేను ఇంకో ఐదొందలైనా ఇచ్చేవాణ్ణి.

ఇక ఎడమవైపు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, బీపీ ఉంది.

అదే మిషను, అదే హ్యామరు, అదే పూనకం. ఎడమ గుర్తు మీద పెట్టీ పెట్టగానే బిట్టు ఇడ్లీలో వేలు దిగినట్టు దిగిపోయింది. కింద పరిచిన పాత పేపరు మీద ముగ్గుపిండిలా తెల్లటి పొడి. ఎర్ర ఇటుక పొడి కాదు, ఇసుక కాదు, మెత్తటి ముగ్గుపిండి. ప్లగ్గు వేలితో నెడితే లోపలికి వెళ్లింది, అలాగే బయటికీ వచ్చింది. స్క్రూ తిప్పితే తిరిగింది. తిరుగుతూనే ఉంది. బిగుసుకునే ఉద్దేశమేమీ దానికి లేదు. 8 ఎంఎం ప్లగ్గు తీసి 10 వేశాడు. 10 తీసి 12. వేసిన ప్రతిసారీ బొక్క దానికన్నా ఓ రవ్వ పెద్దదయ్యేది. అప్పుసప్పు చేసి పాత అప్పు తీర్చేవాడి కథే. అగ్గిపుల్లలు దోపాడు. తెల్ల సిమెంటు కూరాడు. "పట్టేసింది సార్" అన్నాడు.

స్పీకరు ఆరు కిలోలు, బ్రాకెట్టు ఇంకో కిలో. రెండు వైపులూ కలిపితే దాదాపు ఖాళీ గ్యాసు బండ. స్పీకరు బరువు తిన్నగా కిందికి లాగితే ఫరవాలేదు. ముందుకి పొడుచుకొచ్చిన బ్రాకెట్టు మీద కూర్చుని పై స్క్రూలను బయటికి పెకలిస్తుంది. పదకొండు నిమిషాలు ఆగింది. నేను చూస్తూనే ఉన్నాను. ముందు పై స్క్రూ తల వెంట్రుకవాసి బయటికొచ్చింది. దాని చుట్టూ రంగు పగిలి చిన్న సాలెగూడు గీతలు. తర్వాత స్పీకరు పెద్దలకు నమస్కారం పెడుతున్నట్టు నెమ్మదిగా ముందుకి వంగింది. ఆ తర్వాత ఇడ్లీ అంత గోడముక్కను వెంటబెట్టుకుని టీవీ బల్ల అంచు మీద పడి, అక్కణ్ణుంచి నేల మీదికి. ఒక మూల చెక్క లేచిపోయింది. ట్వీటరు గుండ్రటి డోము లోపలికి సొట్టపోయి, అమ్మ తిట్టిన పిల్లవాడి బుగ్గలా అయింది.

మా మామగారు పల్లీలు నమలడం ఆపారు. అంతకంటే పెద్ద సంతాపం ఆయన ఇంతవరకు ఎవరికీ తెలపలేదు.

డాలస్‌లో ఉండే మా బావమరిదికి ఫోటో పంపితే "స్టడ్ ఫైండర్ కొనుక్కో బావా" అన్నాడు. వాళ్ల ఇళ్లలో జిప్సం షీటు వెనక 16 అంగుళాలకో స్టడ్ అనే కర్ర ఉంటుంది, అది వెతికి స్క్రూ కొడతారు. అక్కడ గోడలో కర్ర వెతుక్కుంటారు, ఇక్కడ మేం గోడలో గోడను వెతుక్కుంటున్నాం.

సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి సికింద్రాబాదు రాణీగంజ్ బజారుకి వెళ్లాను. హార్డ్‌వేర్ షాపాయన కళ్లజోడు పైకి నెట్టి ఒక్కటే అడిగారు: "ఏ గోడ?"

"హాలు గోడండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు గానీ పక్కనున్న కుర్రాడు నవ్వాడు. స్పీకరు కొన్నప్పుడు ఎన్ని వాట్లో అడిగారు, బ్రాకెట్టు కొన్నప్పుడు ఎన్ని కిలోలో అడిగారు, డ్రిల్లు అబ్బాయి ఎన్ని బొక్కలో అడిగాడు. ఏ గోడ అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఫ్లాటు అమ్మినాయన అయితే "గట్టి గోడలు సార్, మనవళ్ల దాకా ఉంటాయి" అన్నాడు తప్ప, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా గట్టివో చెప్పలేదు.

అప్పుడు తెలిసింది మీ జాతకం. కుడివైపు ఇనుప చువ్వల కాంక్రీటు పిల్లరు. ఎడమవైపు ఏఏసీ బ్లాకు, అంటే బుడగలు నింపిన తేలిక కాంక్రీటు దిమ్మె. సిమెంటు, సున్నం, థర్మల్ కేంద్రాల బూడిదో ఇసుకో కలిపి, అందులో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తారట. అది సున్నంతో కలిసి హైడ్రోజన్ బుడగలు పుట్టించి పిండిని పొంగిస్తుంది. పొంగిన పిండిని దిమ్మెలుగా కోసి, పెద్ద ప్రెషర్ కుక్కరులాంటి దాంట్లో దాదాపు 190 డిగ్రీల ఆవిరిలో గంటల తరబడి ఉడికిస్తారు. పిండి కలిపి, పొంగించి, ఆవిరి మీద ఉడికిస్తే వచ్చేదాన్ని ఏమంటారో తెలుగువాడికి వేరే చెప్పాలా? ఇడ్లీలో వేలు దిగినట్టని నేనేదో మాటవరసకు అన్నాను. మీరు నిజంగానే ఇడ్లీ అండీ! నీళ్లలో వేస్తే తేలతారు కూడా. తేలే గోడకి ఆరు కిలోలు వేలాడదీయబోయిన నాకెంత బుద్ధి ఉండాలి!

అసలు ఈ ప్లగ్గు అనేది పుట్టిందే గోడల మర్యాద కాపాడడానికి. 1910 ప్రాంతంలో లండన్ బ్రిటిష్ మ్యూజియం గోడలకు, అవి పాడవకుండా కరెంటు సామాను బిగించాల్సి వచ్చి రాలింగ్స్ అనే కాంట్రాక్టరు జనపనారతో దాన్ని చేశాడు. 1958లో ఆర్టర్ ఫిషర్ అనే జర్మన్ నైలాన్‌తో చేశాడు. ఎవరు చేసినా దాని కిటుకు ఒకటే: స్క్రూ దూరగానే ఉబ్బి బొక్క గోడల్ని తన్నిపట్టుకుంటుంది. తన్నితే తట్టుకునేవాడు ఎదురుండాలి. మీ ఎడమ పక్కన తన్నితే బుడగలు చితికి పొడి రాలుతుంది, అంతే. అందుకే ఇలాంటి గోడకి మెలికలు తిరిగిన వేరే రకం పొడవాటి ప్లగ్గు కావాలట, హ్యామరు ఆపేసి ఉత్త డ్రిల్లుతో మెల్లగా తీయాలట. ఇవన్నీ సోమవారం తెలిశాయి. ఆదివారం ఎక్కడికి పోయావ్?

ఒరేయ్ గోడా! నిన్నే. నాకు మెత్తగా ఉన్నందుకు కోపం లేదురా. గట్టిగా ఉన్నందుకూ కోపం లేదు. మెత్తనైతే మెత్తనని చెప్పు, మెత్తటివాడితో ఎలా ఉండాలో నాకు తెలుసు, పాతికేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. ఒకే లప్పం పూసుకుని, ఒకే రంగు వేసుకుని, ఒక పక్క ఇనుము, ఒక పక్క ఇడ్లీగా నిలబడి, పెన్సిలు గుర్తు పెడుతుంటే కిమ్మనకుండా ఊరుకుంటావా? నాకు కావాల్సింది ఒకేలాంటి రెండు చోట్లు. ఏడడుగుల దూరంలో రెండంటే రెండు! స్టీరియో అంటేనే జంటరా. ఒకటి తగిలించి ఒకటి ఊడిపోతే దాన్ని ఏమంటారు?

స్టూలు అంటారు. ఇప్పుడు మా ఇంట్లో కుడి స్పీకరు గోడ మీద ఉంది, ఎడమ స్పీకరు వంటింటి స్టూలు మీద ఉంది. స్టూలు కింద రెండు పాత పంచాంగాలు పెడితేగానీ ఎత్తు సరిపోలేదు. పాట మధ్యలో స్టూలు కావాల్సి వస్తే మా ఆవిడ స్పీకరు నేల మీద పెట్టి తీసుకెళుతుంది, అప్పుడు వీణ ఒక్కసారిగా నేలమాళిగలోకి దిగిపోతుంది. సొట్ట డోము మీద సెల్లోటేపు అంటించి లాగితే చాలావరకు బయటికొచ్చింది, కాస్త ముడత మిగిలింది. మీ మీద బొక్క అలాగే ఉంది, రెండు అంగుళాలు. స్వామివారి క్యాలెండరు అడ్డం పెడదామంటే, మూడున్నర అడుగుల ఎత్తులో దేవుణ్ణి పెడతారా అని మా ఆవిడ కసిరింది. మెడికల్ షాపు క్యాలెండరు పెట్టాం. వచ్చినవాళ్లంతా నడుము వంచి తేదీ చూసి, ఇదేమిటి ఇంత కిందా అంటున్నారు. పిల్లల కోసం అని చెబుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది.

నిన్న మధ్యాహ్నం మా మామగారు భోజనం చేసి వచ్చి, మీ ఎడమ భాగానికి, అదే ఆ క్యాలెండరు పక్కనే, వీపు ఆనించి చాప మీద కూర్చున్నారు. బయట 43 డిగ్రీలు. "చల్లగా ఉందర్రా ఈ గోడ," అన్నారు. "మా ఇంట్లో ఇటుక గోడ రాత్రి పదైనా పొయ్యిలా సెగలు కక్కుతుంది." అని, అలాగే నిద్రపోయారు. ఆ చల్లదనం కూడా ఆ బుడగల పుణ్యమేనట. స్క్రూని పట్టుకోలేని బుడగలే ఎండను ఆపుతున్నాయి. నేను కుడివైపు పిల్లరు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

సరే. తిట్టినవన్నీ వెనక్కి తీసుకోను గానీ, మళ్లీ మీరు అంటున్నాను. మెలికల ప్లగ్గులు ఆరు కొని తెచ్చాను. పాత బొక్కకి అరచేయంత పక్కన, ఉత్త డ్రిల్లుతో, ఈ ఆదివారం నేనే కొడతాను. త్రిభుజం కాస్త వంకరవుతుంది, సోఫా జరుపుకుంటాను. మీరు మాత్రం ఈసారి ముందే చెప్పండి.

ఇట్లు,
తల ఎడమవైపు వాల్చి పాటలు వింటున్న
మీ యజమాని

తా.క.: ఈ ఉత్తరం ముగించేలోపే క్యాలెండరు ఊడి కిందపడింది. టేపు తప్పేం లేదు, అది గట్టిగానే పట్టుకుంది. దాంతోపాటు మీ పెయింటు ఊడొచ్చింది.