ట్రాన్స్‌పోర్టు కంపెనీ ట్రైనింగ్‌కి పోయే పిలకాయలకు

ఈ మధ్య రేణిగుంట, గాజులమండ్యం దిక్కు, చిత్తూరు బైపాస్ మీద బోర్డులు చూస్తా ఉన్నా. 'లారీ డ్రైవర్లు కావలెను, అనుభవం అక్కర్లేదు, ట్రైనింగ్ మేమే ఇస్తాం, వసతి, భోజనం ఉచితం.' పలమనేరు, పుంగనూరు పిలకాయలు ఫోన్ చేసి "అన్నా, చేరొచ్చా?" అని అడుగుతున్నారు. చేరండి. కానీ అక్కడ ఏం నేర్పిస్తారో, ఏం నేర్పించకుండా వదిలేస్తారో తెలుసుకొని చేరండి.

కంపెనీలకు ఈ ట్రైనింగ్ అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. మా తరం డ్రైవర్లందరం క్లీనర్లుగా బండెక్కినోళ్లమే. టైరుకు జాకీ పెట్టడం, టార్పాలిన్ కట్టడం, రాత్రి మూడు గంటలకు డ్రైవర్ కన్ను మూత పడకుండా మాట్లాడించడం, ఇట్లా ఏళ్ల తరబడి చూసి చూసి స్టీరింగ్ పట్టుకున్నాం. తర్వాత ఓనర్లు ఖర్చు తగ్గించుకోవడానికి క్లీనర్‌ను తీసేశారు. ఒక మనిషి జీతం, బత్తా మిగిలింది. కొత్త డ్రైవర్ తయారయ్యే దారి కూడా దాంతోపాటే మూసుకుపోయింది. ఇప్పుడు డ్రైవర్లు దొరకడం లేదని, ఆ ఏళ్ల పనిని కొన్ని వారాల్లో నేర్పిస్తామంటున్నారు.

చట్టం లెక్క చూస్తే, ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు 20 ఏళ్లు నిండాలి, దానికి ముందు ఏడాదిపాటు లైట్ మోటార్ లైసెన్సు ఉండాలి. 2021 నుంచి గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాల్లో హెవీ బండికి ఆరు వారాల్లో 38 గంటల కోర్సు పెట్టారు. కంపెనీలో మొదటి రోజులన్నీ క్లాసులే. రోడ్డు గుర్తులు, జీపీఎస్, ఫాస్టాగ్, పొగలో విషం తగ్గించే యాడ్ బ్లూ ద్రవం ఎప్పుడు పోయాలి, డీజిల్ ఎట్లా ఆదా చేయాలి. తర్వాత యార్డులో రివర్స్. ఇవన్నీ బాగానే నేర్పిస్తారు. బుద్ధి పెట్టి నేర్చుకోండి.

అసలు పని మొగిలి ఘాట్‌లో తెలుస్తుంది. బెంగళూరు నుంచి లోడుతో వచ్చి పలమనేరు దాటినాక దిగుడు మొదలవుతుంది. 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీలు గుద్దుకొని జనం చచ్చిపోయింది అక్కడే. అట్లాంటి దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టే డ్రైవర్లు ఇంకా ఉన్నారు. న్యూట్రల్‌లో ఇంజన్ పట్టు ఉండదు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. తొక్కుతా పోతే డ్రమ్ములు వేడెక్కుతాయి, కాసేపటికి పెడల్ తొక్కినా బండి ఆగదు. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి, పదే పదే తొక్కితే ట్యాంకులో ఆ గాలి కూడా పడిపోతుంది. నాకు నేర్పించిన పెద్దాయన ఒకటే మాట అనేవాడు, "ఒరే నాయనా, ఎక్కిన గేర్లోనే దిగల్లరా." దిగుడు మొదలుకాకముందే గేరు తగ్గించాలి, ఇంజన్ పొగను అడ్డుకొని బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకోవాలి, కాలి బ్రేకును కొద్దికొద్దిగా వాడాలి. ఇది బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది కాదు. లోడు బండితో, పగలూ రాత్రీ, వానలో కూడా దింపించాలి. భాకరాపేట ఘాట్‌లో కూడా దింపించాలి. ఖాళీ బండితో యార్డు చుట్టూ తిప్పి సర్టిఫికెట్ ఇచ్చే ట్రైనింగ్‌ను నేను ట్రైనింగ్ అనను.

లోడు సంగతీ అంతే. సగం నిండిన పాల ట్యాంకరు బ్రేకు వేసినాక కూడా ముందుకు నెడుతుంది, లోపల పాలు ఊగుతాయి కాబట్టి. గ్రానైట్ దిమ్మెకు గొలుసు సరిగా పడకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది క్యాబిన్ మీదికే రావచ్చు. తోతాపురి కాయ ఎత్తుగా పోసుకొని గుజ్జు ఫ్యాక్టరీకి పోయే బండి వంపులో ఎట్లా వాలుతుందో క్లాసులో కూర్చుంటే తెలియదు.

అందుకే, చేరే ముందు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "నన్ను ఎవరి పక్కన కూర్చోబెడతారు? ఎన్ని నెలలు?" అని అడగండి. నాకు తెలిసిన ఒక కంపెనీలో సీనియర్ బత్తానే రెండుగా చీల్చి ట్రైనీకి ఇచ్చారు. ఆ సీనియర్‌కు పిల్లోడు బరువైపోయాడు. బండి కడిగించుకోవడం, టీలు తెప్పించుకోవడం తప్ప స్టీరింగ్ ఇచ్చింది లేదు. నెల తిరక్కుండానే ఆ పిల్లోడికి ఒంటరిగా బండి ఇచ్చి చెన్నైకి పంపించారు. అట్లా పంపించడం ఆ పిల్లోడికీ, ఎదురుగా బైకు మీద వచ్చే సంసారానికీ చేసిన ద్రోహం. నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

మిగతావి కూడా అడగండి. ట్రైనింగ్‌లో జీతం ఉందా? ఓవర్‌లోడ్ పట్టుకుంటే ఫైను ఎవరు కడతారు? చట్టంలో అది 20 వేలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2 వేలు. లోడు ఎక్కించేది కంపెనీ అయినప్పుడు మీ జీతంలో కోయడం అన్యాయం. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అనేది. దూరం పోయే లైన్ బండ్లలో దాన్ని పాటించినోళ్లను నేను చూడలేదు, అయినా పని గంటలు ఎన్నని అడగండి. నిద్ర చాలకపోతే నేర్చుకున్నదేదీ చేతికి రాదు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీల క్యాబిన్‌కు ఏసీ ఉండి తీరాలి, కొత్త బండి అన్నప్పుడు అదీ చూసుకోండి. బాండు రాయించుకుంటే ఇంటికి తెచ్చి చదివించుకున్నాకే సంతకం పెట్టండి. ఒరిజినల్ లైసెన్సు మాత్రం ఎవరికీ అప్పజెప్పొద్దు.

ఓనర్లకూ ఒక మాట. క్లీనర్‌ను తీసేసినాక మిగిలిన డబ్బులో కొంత తీసి నేర్పించే సీనియర్‌కు వేరుగా బత్తా ఇవ్వండి. ట్రైనీ బత్తా ట్రైనీకి ఇవ్వండి. పిల్లోడిని ఆరు నెలలు పక్కనే కూర్చోబెట్టండి. జూన్‌లో చేరినోడు నవంబరు దాకా సీనియర్‌తోనే తిరిగితే మామిడి సీజనూ చూస్తాడు, ఈశాన్య వానల్లో ఘాటు దిగడమూ చూస్తాడు. ఆ తర్వాత తాళం ఇవ్వండి.