పిన్నిగారిని గుమ్మంలోనే ఆపేశాం

మొన్నటి ఉగాదికి కొరియాలోని మన తెలుగు సంఘం వంటగదిలో ఒక మనిషి తక్కువ పడింది. కూరలు తరగడానికీ, గిన్నెలు తోమడానికీ ఇద్దరు కొరియన్ ఆడవాళ్ళని ముందే మాట్లాడుకున్నారు. ముందురోజు సాయంత్రం అందులో ఒకావిడకి ఫోన్ చేసి రావద్దన్నారు. ఆవిడ జైల్లో ఉండి వచ్చిందని ఎవరో చెప్పారట. ఆవిడకి మాత్రం కారణం చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే అర్థమై ఉంటుంది.

అదే వారం మన కాకావ్‌టాక్ చాట్ గ్రూపులో, జైలు నుంచి బయటికొచ్చి బతుకు మళ్ళీ మొదలుపెట్టే ఆడవాళ్ళ కొరియన్ సీరియల్ గురించి రాత్రి పొద్దుపోయేదాకా మాటలు నడిచాయి. ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ ఎవరెంత ఏడ్చారో రాసుకున్నారు. ఆ కన్నీళ్ళు నిజమైనవేనని నేను నమ్ముతాను. అందుకే ఇది రాస్తున్నాను. సీరియల్ చూపించని భాగం ఒకటుంది. అది తెలిస్తే ఆ ఫోన్ వెళ్ళేది కాదేమో.

చూపించే భాగం మనందరికీ తెలుసు. తెల్లవారుజామున ఇనుప గేటు తెరుచుకుంటుంది, బయట నిలబడ్డ మనిషి తెల్లటి దుబు (టోఫు) ముక్క నోటికి అందిస్తుంది. పాత రోజుల్లో జైలు అన్నంలో సోయా గింజలు కలిపేవారు కాబట్టి కోంగ్‌బాప్ (గింజల అన్నం) తినడం అంటే ఇక్కడి భాషలో జైలుకెళ్ళడం. ఆ గింజే దుబు అవుతుంది, దుబు మాత్రం తిరిగి గింజ కాలేదు. మళ్ళీ లోపలికి పోకూడదని తినిపిస్తారు. రంగు తెలుపు కాబట్టి చేసిన తప్పు కడుక్కుపోవాలని కూడా అంటారు. దీన్ని వింతగా చూడాల్సింది మనకేం లేదు. దూరం నుంచి వచ్చిన బిడ్డని గుమ్మం బయట నిలబెట్టి, పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు దిగదుడిచి, కుడికాలు పెట్టి రమ్మనే జాతి మనది. ఆపేది లోపలికి పిలవడానికే.

అసలు కష్టం దుబు తిన్న మర్నాడు, కౌంటర్ల ముందు మొదలవుతుంది.

కొరియాలో ఆడవాళ్ళకంటూ ఉన్న జైలు ఒక్కటే, 1989లో మొదలైన చంగ్‌జు మహిళా జైలు. మిగతా ఆడ ఖైదీలు ఇతర జైళ్ళలోని మహిళా విభాగాల్లో ఉంటారు. శిక్ష చంగ్‌జులో అనుభవించాల్సి వస్తే ఇల్లు బుసాన్‌లో ఉన్నా ములాఖత్‌కి అక్కడికే రావాలి. ఏళ్ళు గడిచేకొద్దీ వచ్చేవాళ్ళు తగ్గుతారు. బయటికొచ్చేసరికి ఫోన్ చెయ్యడానికి నంబరు ఉండకపోవచ్చు, ఉన్నా అటువైపు ఎత్తకపోవచ్చు.

మొదట కావలసింది విడుదలైనట్టు జైలు ఇచ్చే ధ్రువపత్రం. దీన్ని గేటు దాటకముందే రెండు మూడు ప్రతులు తీసుకోవాలి. ఇంకెప్పుడూ ఆ కాగితం మొహం చూడకూడదని చాలామంది తీసుకోరు. తర్వాత సాయం అడగడానికి వెళ్ళినచోట అదే అడుగుతారు, దానికోసం మళ్ళీ తిరగాలి.

రెండోది చిరునామా. లోపలున్నప్పుడు అద్దె ఇల్లు పోతుంది, ఆ చిరునామాలో మనిషి లేదని ఎవరైనా చెబితే రిజిస్టరులో 'నివాసం తెలియదు' అని పడుతుంది. అలా పడితే ఇప్పుడుండే చోటి జుమిన్ సెంటర్‌కి (స్థానిక వార్డు ఆఫీసుకి) వెళ్ళి మళ్ళీ నమోదు చేయించుకోవాలి, జరిమానా కూడా పడొచ్చు. పోయిన గుర్తింపు కార్డుకి 3.5×4.5 సెంటీమీటర్ల ఫొటో ఒకటి, 5,000 వోన్లు ఇస్తే దరఖాస్తు తీసుకుంటారు. అసలు కార్డు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా ఇచ్చే తాత్కాలిక కాగితాన్ని ఒక చోట ఒప్పుకుంటారు, ఇంకో చోట ఒప్పుకోరు.

మూడోది ఫోన్. కొరియాలో మనిషి ఎవరో తేల్చేది ఆమె పేరుమీదున్న ఫోన్ నంబరేనని మనందరికీ తెలుసు. బ్యాంకు యాప్, ఉద్యోగాల సైటు, ఆస్పత్రి బుకింగ్, అన్నిటికీ నంబరుకొచ్చే కోడే తాళం చెవి. పాత ఫోన్ బిల్లు బాకీ ఉంటే కొత్త కనెక్షన్ ఇవ్వరు, ప్రీపెయిడ్ సిమ్‌తో నెట్టుకురావాలి. ఫోన్ దొరికాక బ్యాంకుకెళితే జీతం కాగితం చూపించలేనివాళ్ళకి పరిమితి ఉన్న ఖాతానే తెరుస్తారు. ఆన్‌లైన్లో, ఏటీఎంలో రోజుకి 3 లక్షల వోన్లు దాటి పంపే వీలుండేది కాదు, 2024లో దాన్ని 10 లక్షలు చేశారు. జీతం పడితే పరిమితి తీస్తారు, ఖాతా ఉంటేనే జీతం పడుతుంది.

ఇక్కడికొచ్చిన మొదటి మూడు నెలలు గుర్తు తెచ్చుకోండి. విదేశీయులకిచ్చే ఏఆర్‌సీ గుర్తింపు కార్డు లేకపోతే ఫోన్ రాదు, ఫోన్ లేకపోతే బ్యాంకు ఖాతా పనిచేయదు, ఖాతా లేకపోతే ఇల్లు దొరకదు. సువన్ నగరంలో దిగిన ప్రతి తెలుగు కుటుంబమూ ఈ ముడిలో చిక్కుకుని బయటపడ్డదే. మనకి కంపెనీ హెచ్.ఆర్. ఉంది, మన సంఘం కొత్తవాళ్ళ గ్రూపు ఉంది, ఏ కౌంటర్‌కి ఏ కాగితం తీసుకెళ్ళాలో చెప్పే అన్నయ్యలూ వదినలూ ఉన్నారు. తన సొంత దేశంలో, తన సొంత భాషలో ఆవిడకి అదే ముడి పడింది, విప్పడానికి పక్కన ఎవరూ లేరు.

ఎవరూ లేరు అన్నది పూర్తి నిజం కాదు. న్యాయశాఖ కింద పనిచేసే పునరావాస సంస్థ ఒకటుంది, దానికి దేశమంతా శాఖలున్నాయి. అడిగితే ఉండడానికి చోటు, తిండి ఇస్తారు. మొదట 6 నెలలు, అవసరమైతే ఆరేసి నెలల చొప్పున మూడుసార్లు పొడిగిస్తారు, మొత్తం కలిపి 2 ఏళ్ళు. పని నేర్పిస్తారు, ఉద్యోగం వెతికిపెడతారు. ఇబ్బందల్లా, అది అడిగినవాళ్ళకే దొరుకుతుంది. అడగడమంటే మళ్ళీ తన చరిత్ర మొదటి నుంచి చెప్పుకోవడం. చేతిలో ఏమీ లేనివాళ్ళు 129 సంక్షేమ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే అత్యవసర సాయానికి దారి చూపిస్తారు, ఆ సాయం అందేవాళ్ళలో జైలు నుంచి విడుదలై పూట గడవనివాళ్ళని కూడా చేర్చారు. ఈ నంబరు మన సంఘం డైరెక్టరీ వెనక అట్ట మీద వేస్తే మనకీ పనికొస్తుంది.

సాయం చేసే చేతులకన్నా ముందు వేరే చేతులు అందుకుంటాయి. "నీ బ్యాంకు కార్డు మూడు రోజులు ఇవ్వు, డబ్బిస్తాం" అంటారు. "నీ పేరు మీద రెండు ఫోన్లు తీసి మాకివ్వు" అంటారు. "ఒక కవరు తీసుకొచ్చి ఇస్తే చాలు, రోజు కూలి ఇస్తాం" అంటారు. మూడూ వాయిస్ ఫిషింగ్ (ఫోన్ చేసి డబ్బు కాజేసే) ముఠాల పనులే. కార్డు ఇతరులకి ఇవ్వడం ఒక్కటే 5 ఏళ్ళ దాకా జైలు, 3 కోట్ల వోన్ల దాకా జరిమానా పడగల నేరం. పైగా ఆ ఖాతాలోకి మోసం డబ్బు రాగానే బ్యాంకు దాన్ని స్తంభింపజేస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. నిజాయితీగా ఒకరోజు కూలి ఇచ్చేవాళ్ళు ముందురోజు సాయంత్రం వద్దంటే, ఆ రాత్రి ఇలాంటి ఫోన్ వస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆ ఆలోచనే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇంటి సంగతి వేరే చెప్పాలా? సియోల్‌లో చిన్న వన్‌రూమ్‌కి కూడా నెల అద్దె కాక 50 లక్షల నుంచి కోటి వోన్ల డిపాజిట్ అడగడం మామూలు. జైలు పనికి ఇచ్చే ప్రోత్సాహక సొమ్ము ఎన్నేళ్ళు కూడబెట్టినా అంత చేరడం కష్టం. డిపాజిట్ అడగని గోషివన్ అనే ఇరుకు గదుల వసతిలో మంచం పట్టేంత గదే గతి. ఇలాంటి సీరియళ్ళలో నలుగురు స్నేహితురాళ్ళు కలిసి బంచన్ (అన్నంలోకి కూరలు అమ్మే) షాపు తెరిచేస్తుంటారు. బయట అదే షాపుకి ముందు 8 గంటల ఆహార పరిశుభ్రత తరగతి, ఆరోగ్య ధ్రువపత్రం, స్థానిక ఆఫీసులో నమోదు, పన్ను ఆఫీసులో వ్యాపార నమోదు కావాలి. వీటన్నిటికన్నా ముందు దుకాణం డిపాజిట్, దానిపైన పాత అద్దెదారు అడిగే గ్వోల్లిగుమ్ అనే పైసొమ్ము. అందుకే ఎక్కువమందికి దగ్గరలో కనిపించేది ఇంకొకరి వంటగది. అక్కడ పనిచేసే నడివయసు ఆడవాళ్ళని కొరియన్లు ఇమోనిమ్ అని పిలుస్తారు. ఇమో అంటే అమ్మ చెల్లెలు కూడా కదా. మనం వద్దన్నది ఒక పిన్నిగారిని.

పిల్లల తల్లుల విషయంలో మన రాష్ట్రానికి ఒక పాత్ర ఉంది, అది ఇక్కడ చాలామందికి తెలియదు. కొరియాలో జైల్లో ఉన్న తల్లి బిడ్డని 18 నెలలు నిండేదాకానే దగ్గర ఉంచుకోగలదు. మన దేశంలో ఆరేళ్ళ దాకా ఉంచుకోవచ్చు. ఆ మార్గదర్శకాలు 2006లో సుప్రీంకోర్టు ఇచ్చింది, ఆ కేసు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. బిడ్డకి తిండి, వైద్యం, చదువు ఎలా ఉండాలో అందులో వివరంగా రాశారు. తల్లి బయటికొచ్చాక సంగతి మాత్రం మన ఊళ్ళకే వదిలేశారు. మన ఊళ్ళలో మగాడు జైలు నుంచి వస్తే నాలుగు రోజులు గుసగుసలు, ఐదో రోజు అరుగు మీద చోటు. ఆడది వస్తే పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ తలుపు వేసుకుంటాయి. "మా అమ్మాయి బంధువుల ఊరెళ్ళింది" అని చెప్పిన ఇల్లు, ఆమె తిరిగొచ్చాక కూడా అదే చెబుతుంది. ఈ విషయంలో కొరియన్లకన్నా మనం మెరుగని చెప్పడానికి నాకు నోరు రాదు. తెలంగాణ జైళ్ళ శాఖ పెట్రోలు బంకులు నడుపుతూ విడుదలైనవాళ్ళకి కూడా పని ఇస్తోంది. ప్రభుత్వం చెయ్యగలిగింది మనం చెయ్యలేమా?

వద్దన్నవాళ్ళ భయాన్ని కొట్టిపారెయ్యను. హాల్లో పిల్లలు పరుగులు పెడుతుంటారు, హుండీ ఉంటుంది, ఆడవాళ్ళ బ్యాగులు కుర్చీల మీద ఉంటాయి. హుండీకి తాళం వేసి ఇద్దరు కలిసి లెక్కపెట్టే పద్ధతి అందరి విషయంలోనూ ఉండాల్సిందే. బ్యాగులకి ఒక గది కేటాయించొచ్చు. పిల్లల సంస్థల్లో చేరేవాళ్ళకి లైంగిక నేరాలు, పిల్లల మీద హింస నేరాలు ఉన్నాయేమో చూడాలని కొరియా చట్టం చెబుతుంది. అంతేకానీ ఎవరు పడితే వారు ఒకరి నేర చరిత్ర రికార్డు తెప్పించుకోవడానికి వీల్లేదు. 3 ఏళ్ళలోపు శిక్ష అయితే పూర్తయిన 5 ఏళ్ళకి, అంతకుమించితే 10 ఏళ్ళకి, ఈలోగా మళ్ళీ శిక్ష పడకపోతే, ఆ శిక్షే చెల్లకుండా పోతుంది. చట్టం మరిచిపోవడానికి గడువు పెట్టుకుంది. మన గ్రూపు పెట్టుకోలేదు.

కార్యవర్గాన్ని నేను అడిగేది చిన్న మార్పు. వంటకొచ్చే ప్రతి ఒక్కరినీ, మనవాళ్ళని కూడా, బోగన్‌జంగ్ (ఆరోగ్య ధ్రువపత్రం) అడగండి. హెల్త్ సెంటర్లో 3,000 వోన్లు, ఛాతీ ఎక్స్‌రే, మరో చిన్న పరీక్ష, వారంలోపు కాగితం, ఏడాదిపాటు చెల్లుతుంది. వంటగదికి కావలసిన చరిత్ర అంతే. ఎవరి గతమైనా మీ చెవిన పడితే గ్రూపులో పెట్టకండి. మధ్యలో గంట విశ్రాంతి, పని ముగిసిన సాయంత్రమే ఖాతాలో డబ్బు, ఇవి ముందే చెప్పండి.

ఆ రోజు ఆవిడ 8 గంటలు పనిచేయాల్సి ఉంది. 2025 కనీస వేతనం గంటకి 10,030 వోన్లు పట్టుకున్నా 80,240 అవుతుంది. ఆ డబ్బు ఆవిడకి మనం బాకీ. ఈ సంచిక మీ చేతికి చేరేలోపు పంపించండి, దీపావళి వంటకి రమ్మని కొరియన్ బాగా వచ్చిన వదినగారెవరైనా స్వయంగా ఫోన్ చెయ్యండి.