ఆ ఓదార్పు మాటలు వోనెగట్‌వి కావు

ఆ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది. అదీ పుస్తకాలు చదివేవాళ్ల గ్రూపులోనే, అమెరికన్ నవలా రచయిత వోనెగట్ అంటే ప్రాణం పెట్టేవాళ్ల దగ్గర నుంచే. "కర్ట్ వోనెగట్ జీవిత సత్యాలు" అని పెద్ద అక్షరాలు, గుబురు మీసాల పెద్దాయన ఫొటో, దాని కింద వరసగా పాయింట్లు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఆయన సన్‌స్క్రీన్ రాసుకోమంటూ ఇచ్చిన గొప్ప ప్రసంగం. నోబెల్ బహుమతిని వద్దన్న నిరాడంబరత. అందరితో దయగా ఉండమన్న బోధ. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి లక్షా ముప్పై అయిదు వేల మంది కాలిపోయిన జర్మనీ నగరం డ్రెస్డెన్ నుంచి నవ్వుతూ బయటికొచ్చిన ధైర్యం. చివరికి ముక్తాయింపు: "ఏది జరిగినా మంచికే. చెడ్డ రోజులు మర్చిపోండి, మంచివే తలుచుకోండి. ఆనందం మన ఎంపిక."

తమ్ముడు పోయి పదిరోజులు కూడా కాని నా స్నేహితురాలికి ఎవరో దీన్ని పంపారు. లేకపోతే నేనూ చూసి వదిలేసేదాన్ని.

ఫొటోలో ఉన్నది అంతకు ముందు తరం అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్. వోనెగట్ తన కొడుక్కి మార్క్ అని పేరు పెట్టుకుంది ఆయన మీద అభిమానంతోనే. అయినా మనిషి వేరు. ఫొటో మార్చండి.

నోబెల్ వోనెగట్‌కు ఎవరూ ఇవ్వలేదు, కాబట్టి వద్దనే అవకాశమూ రాలేదు. అమెరికాలోని కేప్ కాడ్‌లో కొంతకాలం స్వీడన్ కంపెనీ సాబ్ కార్ల డీలర్‌షిప్ నడిపాడు. ఆ కార్లను ఏకిపారేసినందుకే స్వీడన్‌వాళ్లు తనకు బహుమతి ఇవ్వలేదని తర్వాత సరదాగా రాసుకున్నాడు. అంతకుమించి ఏమీ లేదు.

సన్‌స్క్రీన్ సంగతి. 1997లో ఎంఐటీ స్నాతకోత్సవంలో మాట్లాడింది అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్. ఆ రచన షికాగో ట్రిబ్యూన్ కాలమిస్టు మేరీ ష్మిక్‌ది. తనను స్నాతకోత్సవానికి పిలిస్తే ఏం చెబుతానో ఊహించుకుని రాసింది, 1997 జూన్ 1న అచ్చయింది. ఆ వేసవిలోనే దానికి వోనెగట్ పేరు తగిలించి ఎవరో ఈమెయిల్లో వదిలారు. ఆయన భార్య జిల్ క్రెమెంట్జ్ కూడా నిజమేననుకుని తెలిసినవాళ్లకు పంపింది. కాబట్టి అప్పట్లో నమ్మినవాళ్లను నేను తప్పుపట్టను. వోనెగట్ మాత్రం అది తనది కాదని చెప్పేశాడు, తనదే అయివుంటే గర్వపడేవాణ్ణని మెచ్చుకున్నాడు కూడా. ఒక స్త్రీ రాసిన మంచి రచనను పేరున్న మగ రచయిత ఖాతాలో వేసి ఇన్నేళ్లుగా తిప్పుతున్నాం. ఆమె పేరు రాయడానికి రెండు మాటలు చాలు.

ఇక దయ. ఆ మాట 1965లో వచ్చిన 'గాడ్ బ్లెస్ యూ, మిస్టర్ రోజ్‌వాటర్' నవల్లోది. ఎలియట్ రోజ్‌వాటర్ కోట్ల ఆస్తికి వారసుడు. ఇండియానాలో ఒక చిన్న ఊళ్లో ఆఫీసు తెరిచి, ఎవరికీ పట్టని మనుషులు ఫోన్ చేస్తే వింటాడు, అవసరమైతే డబ్బిస్తాడు. కొత్తగా పుట్టిన కవలలకు ఏం చెబుతావని అడిగితే, తనకు తెలిసిన నియమం ఒక్కటేనని, దయగా ఉండి తీరాలని, ఒక తిట్టు కూడా కలిపి చెబుతాడు. ఇలా పంచిపెడుతున్నాడు కాబట్టి ఇతనికి పిచ్చి అని కోర్టులో రుజువు చేసి, ఆస్తిని మళ్లించాలని ఒక లాయరు కాచుకుని ఉంటాడు. ఎవరి దగ్గర ఎంత ఉంది, ఎందుకుంది అని నిలదీసే నవల అది. ఆ ప్రశ్నను తీసేసి, తిట్టునూ తీసేసి, గులాబీ పూల బొమ్మ మీద గుడ్ మార్నింగ్‌తో కలిపి పంపుతున్నారు.

డ్రెస్డెన్ మృతుల అంకె దగ్గర మాత్రం ఫార్వర్డ్ చేసినవాళ్లను తిట్టలేను. ఆ లక్షా ముప్పై అయిదు వేలు వోనెగట్ డ్రెస్డెన్ మీద రాసిన 'స్లాటర్‌హౌస్-ఫైవ్' నవల్లోనే ఉంది. బ్రిటిష్ రచయిత డేవిడ్ ఇర్వింగ్ పుస్తకం నుంచి తీసుకున్నాడు. డ్రెస్డెన్ నగరం నియమించిన చరిత్రకారుల సంఘం 2010లో తేల్చింది గరిష్ఠంగా 25 వేలు. ఇర్వింగ్ అయితే యూదుల ఊచకోతనే కాదనేవాడని 2000లో లండన్ కోర్టు తీర్పు చెప్పింది. ఈ పెంచిన అంకెను నాజీ అభిమానులు ఇప్పటికీ వాడుకుంటున్నారు. నాకెంత ఇష్టమైన రచయిత అయినా, ఇక్కడ ఆయన రాసింది తప్పు. 25 వేల మంది అంటే తక్కువా? అంకె పెంచితే తప్ప మనకు బాధ కలగదా?

"నవ్వుతూ బయటికొచ్చాడు" అన్న మాట దగ్గర నాకు ఓపిక పోతోంది. 1944 మేలో ఆయన తల్లి నిద్రమాత్రలు ఎక్కువై చనిపోయింది. అమెరికా సైనికుడిగా యుద్ధానికి వెళ్లి, ఆ డిసెంబరులో జర్మన్లకు పట్టుబడ్డాడు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ మీద బాంబులు పడుతున్నప్పుడు కబేళా అడుగున మాంసం దాచే గదిలో ఉండబట్టి బతికాడు. తర్వాత శిథిలాల్లోంచి శవాలు బయటికి తీసే పనికి పెట్టారు. ఆ అనుభవాన్ని నవలగా తేవడానికి 1969 దాకా పట్టింది. 1958లో అక్క ఆలిస్ క్యాన్సర్‌తో పోయింది, ఆమె భర్త అంతకు ముందే రైలు ప్రమాదంలో పోయాడు. వాళ్ల నలుగురు కొడుకుల్లో ముగ్గురిని వోనెగట్ దంపతులు తెచ్చి పెంచారు. 1984లో వోనెగట్ ఆత్మహత్యకు ప్రయత్నించాడు. ఆనందం మన ఎంపికే అయితే, ఈయన ఎంచుకోవడం మర్చిపోయాడంటారా?

"చెడ్డ రోజులు మర్చిపోండి, మంచివే తలుచుకోండి" అన్న సలహా 'స్లాటర్‌హౌస్-ఫైవ్'లో నిజంగానే ఉంది. అది చెప్పింది ఎవరో చూశారా? ట్రాల్ఫమడోర్ అనే గ్రహం నుంచి వచ్చిన జీవులు. యుద్ధాలు ఎలా ఆపాలని నవలలో కథానాయకుడు బిల్లీ పిల్‌గ్రిమ్ ఆశగా అడిగితే, వాటివైపు చూడకుండా ఉండడమే మార్గమని చెబుతాయి. విశ్వం ఎలా అంతమవుతుందో కూడా వాటికి తెలుసు. వాళ్ల పైలటే ఒక మీట నొక్కుతాడు, అంతా పోతుంది. ఆపరు, ఆపాలనీ అనుకోరు. చావు మీద చావు చూసి మనసు చెదిరిన బిల్లీ ఈ మాటలు పట్టుకుని బతుకుతాడు. అతని మీద నాకు కోపం లేదు, అతనికి అవి కావాలి. కానీ రచయిత అభిప్రాయం మొదటి అధ్యాయంలోనే సొంత గొంతుతో ఉంది. ఎట్టి పరిస్థితుల్లోనూ ఊచకోతల్లో పాలుపంచుకోవద్దని, ఊచకోతకు యంత్రాలు తయారుచేసే కంపెనీల్లో పనిచెయ్యొద్దని తన కొడుకులకు చెప్పానంటాడు. అదే అధ్యాయంలో బైబిల్లోని లోతు భార్యను తలుచుకుంటాడు. కాలిపోతున్న ఊరివైపు తిరిగి చూడొద్దని చెప్పినా ఆమె చూసింది, ఉప్పు స్తంభమైపోయింది. అలా చూసినందుకే ఆమె అంటే తనకు ప్రేమ అని, అది మనిషి చేసే పని అని రాశాడు. దేవుడి మీద కాకుండా మనిషి మీద నమ్మకం పెట్టుకునే అమెరికన్ హ్యూమనిస్ట్ అసోసియేషన్‌కు, సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ తర్వాత గౌరవాధ్యక్షుడైన మనిషి ఇలాగే రాస్తాడు. ఆయన నోట "ఏది జరిగినా మంచికే" అనిపించడం, అదీ తమ్ముడు పోయిన మనిషి ముందు అనిపించడం క్రూరత్వం.

ఆనందం గురించి ఆయన ఏమీ చెప్పలేదని నేననను. చాలా కాలేజీల్లో చాలాసార్లు చెప్పాడు. వాళ్ల బాబాయి అలెక్స్‌కు మనుషుల మీద ఉన్న ఫిర్యాదు ఒకటే: సంతోషంగా ఉన్నప్పుడు ఆ సంగతి గమనించరని. ఎండాకాలం ఆపిల్ చెట్టు కింద కూర్చుని నిమ్మరసం తాగుతూ కబుర్లాడుకుంటుంటే, ఉన్నట్టుండి మాట ఆపి, "ఇది బాగాలేకపోతే ఇంకేది బాగుంటుంది?" అనేవాడట. సంతోషం ఉన్నప్పుడు పట్టించుకోమన్నాడు తప్ప, ఏడుపొచ్చినప్పుడు సంతోషం నటించమనలేదు. పంపాలనుకుంటే ఇది పంపండి, ఇది నిజంగా వోనెగట్ చెప్పిందే. కింద బాబాయి పేరు కూడా రాయండి, ఆ మాట అలెక్స్‌ది.